నిలువు గీత

డెట్లెఫ్ బేకరీలో పొయ్యి వెలిగేది తెల్లవారుజామున మూడింటికి.
ఆ జూన్‌లో రెండు రోజులు వెలగలేదు.
స్వాకొప్‌ముండ్ సగం ఊరు రొట్టె లేకుండా
ఒకరి ముఖం ఒకరు చూసుకుంది.
కారణం అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

ఒట్టీలియా వెళ్ళిపోయింది.
కుట్టుమిషను, దుప్పటి,
యురేనియం గనిలో లారీ తోలే లైసెన్సు,
అంతే పట్టుకెళ్ళింది.
మనిషికి రెండింతల ఎత్తు చక్రాలున్న లారీ.
ఎక్కడానికి నిచ్చెన, దిగడానికీ నిచ్చెన.
"మీ నాన్న ఇంట్లో దిగే నిచ్చెన లేదు" అంది కూతురితో.
వీబ్కె అర్థమైనట్టు తల ఊపింది.
పదిహేనేళ్ళప్పుడు అందరం ఊపే ఊపే అది.

లైట్‌హౌస్ పక్క నాయనమ్మ ఓమా,
మొండెసా రేకుల ఇంట్లో అమ్మమ్మ ఔమా.
పిలుపులో ఒక్క అచ్చు తేడా,
నడకలో నలభై నిమిషాలు.
ఓమా ఇంట్లో ఆ పిల్ల నలుపు,
ఔమా వీధిలో తెలుపు.
మధ్య దారిలో, సముద్రం మీంచి వచ్చే మంచులో,
కాసేపు ఏ రంగూ ఉండదు.
అందుకే మెల్లిగా నడుస్తుంది.

ఓమా చెడ్డ మనిషి కాదు, అది చెప్పాలి.
జలుబు చేస్తే చామంతి నీళ్ళు కాచి ఇస్తుంది.
చుట్టాలొచ్చినప్పుడు మాత్రం
"మా డెట్లెఫ్ కూతురు" అంటుంది,
"నా మనవరాలు" అనదు.
ఎన్నిసార్లు అందో ఏడో ఏట లెక్క మొదలుపెట్టి
పదకొండో ఏట మానేసింది వీబ్కె.

ఔమా పిలిచే పేరు వేరు.
దాని ముందొక చప్పుడుంది.
నాలుక కొస పళ్ళకి ఆనించి చటుక్కున లాగాలి.
మనం "ప్చ్" అంటామే, పాలు పొంగిపోయినప్పుడు,
ఎవరో పోయారని తెలిసినప్పుడు,
దాదాపు అదే.
కాని వాళ్ళ మాటలో దానికి జాలి లేదు.
ఆ చప్పుడు, దాని వెనకే "నామ్":
ప్రేమించడమని అర్థం.
డెట్లెఫ్ నాలుకకి అది ఎన్నడూ చిక్కలేదు.
మొదట్లో ముగ్గురూ పడీపడీ నవ్వేవాళ్ళట.
ఎప్పుడు మానేశారో ఎవరికీ గుర్తు లేదు.

"పిండి అంటితే అందరి చేతులూ ఒకటే"
అని ఒకనాడు అతను మురిసిపోతే
"కడుక్కున్నాక?" అంది ఒట్టీలియా.
ఆ మాటకి జవాబు
ఆ వంటింట్లో ఇంకా వెతుకుతున్నాడు.

మూడో రోజు మూడింటికి
వీబ్కె లేచి పొయ్యి వెలిగించింది.
నాన్న మేజోళ్ళతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.
"ఉప్పు ఎక్కువేశావు" అన్నాడు.
"అమ్మ అంతే వేసేది" అంది.
మళ్ళీ మాటల్లేవు, తెల్లారేదాకా.

కోర్టులో మెత్తటి గొంతావిడ అడిగింది
ఎవరి దగ్గర ఉంటావమ్మా అని.
వారం రోజులు గడువు అడిగింది వీబ్కె.
ఆ వారంలో పదహారు నిండాయి.

గుర్తింపు కార్డు ఆఫీసులో
రుందు నుంచి వచ్చిన హైంగురా కూర్చుని ఉన్నాడు.
రెండో పేరు కూడా రాయమంది.
పలికి వినిపించింది.
ఆయన ఒక్కసారే విని తప్పులేకుండా తిరిగి పలికాడు.
గొంతులో ఏదో అడ్డం పడింది ఆమెకి.
కీబోర్డు మీద కుడిచేతి మూల
ఎవరూ నొక్కని మీట ఒకటుంది, నిలువు గీత.
శ్లోకం ముగిసిందని మనం చివర్న గీస్తామే, అలాంటిది.
ఆమె పేరు దాంతోనే మొదలు.

కార్డు తెచ్చి పిండి బల్ల మీద పెట్టింది.
డెట్లెఫ్ కళ్ళజోడు తుడుచుకుని
చాలాసేపు చూశాడు.
పళ్ళ వెనక నాలుక చప్పుడైంది, స్పష్టంగా.
పేరు మొదలుపెట్టాడో,
అయ్యో అనుకున్నాడో,
తర్వాత మాట రాలేదు.

ఆమె ఎదురుచూస్తోంది.
లోపల రొట్టెలు మాడుతున్న వాసన.
ఇద్దరూ కదల్లేదు.